సోమవారపు కడుపునొప్పి



ఆదివారము ఉదయము సండేస్కూలులో చప్పట్లు కొట్టి పాడిన బిడ్డ, మధ్యాహ్నము ప్రేమవిందులో రెండుసార్లు అడిగి వడ్డించుకున్న బిడ్డ, సాయంత్రము దీపాలు పెట్టే వేళకు మౌనమైపోతాడు. సోమవారము తెల్లవారేసరికి కడుపులో నొప్పి అంటాడు. ఎనిమిది గంటలకు నొప్పి ఎక్కువవుతుంది. ఎనిమిదిన్నరకు ఆటో హారను వినబడగానే వాంతి వచ్చేటట్లున్నది అంటాడు. ఆటో వెళ్లిపోయిన అరగంటకు అదే బిడ్డ నాలుగు ఇడ్లీలు తిని పెరట్లో గోళీలాడుతూ ఉంటాడు.

ఇది మీ ఇంట్లో జరిగిందా? మా ఇంట్లో జరిగింది. సంఘ కాపరి ఇంట్లో జరిగినదానిని దాచుకొనుటకంటె చెప్పుకొనుట మేలని ఈ మాటలు వ్రాస్తున్నాము.

మేము చేసిన పొరపాటు

2023 జూన్ 12, సోమవారము నాడు వేసవి సెలవుల తర్వాత బడులు తెరిచారు. మా పెద్దవాడు నాలుగవ తరగతికి వచ్చాడు. మొదటి వారము బాగానే వెళ్లాడు. రెండవ వారము నుండి కడుపునొప్పి మొదలైంది. మా సహధర్మిణి వాము నీళ్లు త్రాగించింది. మేము కొబ్బరినూనె మీద ప్రార్థన చేసి పొట్టకు రాశాము. డాక్టరుగారు చూసి, నులిపురుగుల మాత్ర ఇచ్చి, భయపడవలసినది ఏమీ లేదన్నారు. ఆ మాట విన్నాక మాకు నెమ్మది రావలసింది పోయి కోపము వచ్చింది. ఏమీ లేకపోతే వీడు చెప్పేది అబద్ధమే గదా అనుకున్నాము.

మొదట ఉపదేశము చేశాము. మా తాతగారి కాలములో మన పిల్లలను ఊరి బడి అరుగు మీదికి కూడ రానిచ్చేవారు కారని, ఆయన పగలంతా పశువులను కాచి, రాత్రిపూట మిషను బడిలో కిరోసిను బుడ్డి ముందు అక్షరాలు దిద్దుకున్నారని, ఆ అక్షరాల వల్లనే ఈనాడు మనము బైబిలు చేతపట్టి చదువుతున్నామని చెప్పాము. వాడు తల వంచుకొని విన్నాడు. మరునాడు మళ్లీ కడుపునొప్పి!

ఆ రోజు చింత బరికె తీశాము. బెత్తము వాడని తండ్రిని గురించి సామెతల గ్రంథములో ఉన్న మాట మనందరికీ కంఠతా వచ్చు గదా! ఏడుస్తున్న వాడిని రెక్క పట్టుకొని తీసుకుపోయి ఆటోలో కూర్చోబెట్టాము. అది శుక్రవారము. అక్కడి నుండి నేరుగా ఉపవాస కూడికకు వెళ్లి, సంఘములోని బిడ్డలందరి కొరకు ప్రార్థన నడిపించాము.

మరుసటి రోజు సాయంత్రము నిర్గమకాండము నాలుగవ అధ్యాయము తెరిచి ఆదివారపు ప్రసంగము సిద్ధపరచుకుంటున్నాము. వసారాలో పిల్లలిద్దరూ బడి ఆట ఆడుతున్నారు. అన్న టీచరు, ఆరేళ్ల చెల్లెలు విద్యార్థిని. వాడు చేతిలో స్కేలు పట్టుకొని హాజరు పిలిచాడు. "ప్రెజెంట్ టీచర్" అన్నది చెల్లెలు.

"అట్లా కాదు. ఇప్పుడు నువ్వే నేను. నాలాగ చెప్పు" అన్నాడు.

దానికి అర్థము కాలేదు. అప్పుడు వాడే చేసి చూపించాడు. "ప్... ప్... ప్రె..." అని ఆగి, తరగతి అంతా నవ్వినట్లు తానే పెద్దగా నవ్వి, "వచ్చేదాకా నిలబడు!" అంటూ స్కేలుతో బల్ల మీద కొట్టాడు. చెల్లెలు బెదిరి ఏడ్చింది. వాడు మాత్రము ఏడవలేదు. "ఏడవకే, రోజూ ఇంతే" అని దానిని సముదాయించాడు.

మేము కలము క్రింద పెట్టేశాము.

మా వాడికి చిన్నప్పటి నుండి కొద్దిగా నత్తి ఉంది. ఇంట్లో మాకు అలవాటైపోయి, అది వాడికి ఒక బరువన్న సంగతే మరచిపోయాము. ఆ ఏడు వచ్చిన కొత్త టీచరు హాజరు పిలిస్తే ప్రతివారు లేచి పలకాలని, సోమవారము నాడు ఒక్కొక్కరు నిలబడి పాఠము పైకి చదవాలని పెట్టారు. ఇంకొక మాట కూడ ఒప్పుకోవాలి. ఆ సంవత్సరము ఈస్టరునాడు వాడు సంఘమంతటి ఎదుట కంఠత వాక్యము చెబుతూ తడబడితే, "త్వరగా చెప్పరా" అని తొందరపెట్టింది మేమే. బడిలో నవ్వినవారు తోటి పిల్లలు. గుడిలో తొందరపెట్టినవాడు తండ్రి.

మోషే చెప్పిన సాకులు

మా ముందు తెరిచియున్న అధ్యాయము ఏమిటి? ఫరో యొద్దకు వెళ్లుమని దేవుడు పిలిచినప్పుడు మోషే సాకు మీద సాకు చెప్పిన అధ్యాయము. ముందటి అధ్యాయములోనే వెళ్లుటకు తాను ఎంతటివాడనన్నాడు. జనులు నమ్మరన్నాడు. నోరు తిరగదన్నాడు. చివరకు ఇంకెవరినైనా పంపుమని వేడుకున్నాడు. దేవునికి కోపము కూడ వచ్చింది. అయితే ఆ కోపములో ఆయన చేసినదేమిటో చూడండి. పంపుట మానలేదు. నాలుకను అక్కడికక్కడే బాగుచేసినట్లు కూడ వ్రాయబడలేదు. అప్పటికే ఎదురు వస్తున్న అన్న అహరోనును తోడు ఇచ్చాడు. మోషేకు వెళ్లుట తప్పలేదు, ఒంటరిగా వెళ్లుట తప్పింది.

మన ఇండ్లలో కొందరము జాలిపడి పంపడమే మానేస్తాము. కొందరము కోపపడి ఒంటరిగా తోసేస్తాము. దేవుడు ఈ రెండింటిలో ఏదీ చేయలేదు.

అబద్ధమా? భయమా?

బడికి వెళ్లని పిల్లలందరూ ఒక్కటి కాదు. యూనిఫారము వేసుకొని, క్యారియరు పట్టుకొని బయలుదేరి, కాలువ గట్టునో ఆటస్థలములోనో పొద్దుపుచ్చి, బడి వదిలే వేళకు ఇల్లు చేరే పిల్లవాడు వేరు. వాడు బడి ఎగ్గొట్టిన సంగతి ఇంట్లో తెలియకుండ చూసుకుంటాడు. భయపడిన బిడ్డ అలాగు కాదు. ఇల్లు వదలనని అమ్మ కొంగు పట్టుకుంటుంది. మొదటివాడికి కట్టుబాటు కావాలి. రెండవ బిడ్డకు ముందుగా తోడు కావాలి.

ఆ బిడ్డ చెప్పే నొప్పి చాలాసార్లు నిజమైన నొప్పే. భయము పుట్టినప్పుడు గుండె వేగముగా కొట్టుకుంటుంది, కడుపు మెలిపెడుతుంది. పరీక్ష హాలు ముందు మనకు అలాగు కాలేదా? భయము పోగానే నొప్పి పోతుంది. కాబట్టి ఆటో వెళ్లిపోయాక ఆడుకున్నాడని వాడు అబద్ధికుడు కాడు. అయినను డాక్టరుకు చూపించుట మానవద్దు. సెలవు రోజున కూడ నొప్పి ఉన్నా, రాత్రి నిద్రలో లేపినా, జ్వరము, వాంతులు, బరువు తగ్గడము, విరేచనములో రక్తము వంటివి ఉన్నా అది భయమని సరిపెట్టుకోకూడదు.

తర్వాతి నెలలో స్త్రీల కూడికలో ఈ సంగతి ఎత్తితే ఎన్నో బయటపడ్డాయి. ఒక బిడ్డకు బోర్డు మీది అక్షరాలు కనబడడము లేదు. కళ్లద్దాలతో సగము బాధ తీరింది. ఒక బిడ్డను ఫీజు కట్టలేదని పేరు చదివి నిలబెడుతున్నారు. ఒకడికి బడి అంటే భయము లేదు, ఆటోలో పెద్ద పిల్లలంటే భయము. ఎదిగిన ఆడపిల్ల ఒకతె బడిలో మరుగుదొడ్డికి గడియ లేదని ఉదయము నుండి నీళ్లే త్రాగడము లేదు. ప్రతి బడిలో మరుగుదొడ్లు, మంచినీరు ఉండాలని సుప్రీంకోర్టు 2012 అక్టోబరులోనే ఆదేశించింది. ఆ గడియ పెట్టించుటకు ఒక వడ్రంగి, నలుగురు తల్లులు సరిపోయారు.

అన్నిటికంటె మమ్మును కదిలించినది మరొక బిడ్డ సంగతి. ఆ ఇంట్లో తండ్రి త్రాగి వచ్చి తల్లిని కొడతాడు. తాను లేనప్పుడు అమ్మకు ఏమవుతుందోనని ఆ బిడ్డ బడి మానుతున్నది. బడి నుండి పారిపోతున్నదని మనము అనుకున్నాము. అది ఇంటికి కావలి కాస్తున్నది!

మనము చేయదగినవి

ఉదయము ఆటో వచ్చే వేళ కారణము అడుగవద్దు. ఆ వేళ బిడ్డకు మాట రాదు, మనకు ఓర్పు ఉండదు. శనివారము సాయంత్రము పక్కన నడుస్తూనో, బండి మీద వెళుతూనో అడగండి. "ఎందుకు వెళ్లవు?" అంటే బదులు రాదు. ఎవరి పక్కన కూర్చుంటావు, ఇంటర్వెలులో ఎక్కడ ఉంటావు, ఆటోలో ఎవరెవరు వస్తారు అని అడగండి.

తర్వాత టీచరును కలవండి. మేము కోపముతో బయలుదేరాము గాని, గుమ్మము దగ్గర ప్రార్థించి లోపలికి వెళ్లాము. "నలభై ఆరుగురు పిల్లలండీ. ధైర్యము వస్తుందని నిలబెట్టాను. వాడికి ఇంత కష్టమని నాకు తెలియదు" అన్నారామె. ఆ రోజు నుండి వాడు హాజరుకు చేయి ఎత్తితే చాలన్నారు. పాఠము పక్క పిల్లవాడితో కలిసి చదవనిచ్చారు. ఎగతాళి చేసిన పిల్లలకు బుద్ధి చెప్పారు. ఇలాగు వినే టీచర్లు చాలామంది ఉన్నారు. వినక, కొట్టుటయే పద్ధతి అంటే, అది చట్టము ఒప్పని పని. 2010 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్న విద్యాహక్కు చట్టము 17వ సెక్షను బడిలో బిడ్డను కొట్టుటను, మానసికముగా వేధించుటను నిషేధించింది. ఆపదలో ఉన్న బిడ్డ కొరకు 1098 నంబరుకు ఉచితముగా ఫోను చేయవచ్చును.

బిడ్డ ఇంట ఉండిపోయిన రోజును పండుగ చేయవద్దు. టీవీ, సెల్‌ఫోను ఇచ్చి కూర్చోబెడితే మరునాటి గడప మరింత ఎత్తవుతుంది. ఎన్ని రోజులు మానితే తిరిగి వెళ్లుట అంత కష్టము. అవసరమైతే కొన్నాళ్లు మనమే తరగతి గుమ్మము దాకా వెళ్లి దిగబెట్టాలి. వారాల తరబడి వెళ్లలేని బిడ్డను పిల్లల మానసిక వైద్యునికి, నత్తి ఉన్న బిడ్డను స్పీచ్ థెరపిస్టుకు చూపించాలి. అది విశ్వాసము లేకపోవడము కాదు. నత్తి ఉన్న బిడ్డ మాట్లాడేటప్పుడు మనము మాట అందించవద్దు, తొందరపెట్టవద్దు. చివరిదాకా వినాలి.

మన సంగతి కూడ చూసుకుందాము. మిరపకాయ కోతలకని, మేనమామ పెండ్లికని మనకు కావలసినప్పుడు బడి మాన్పిస్తాము. వాడికి కావలసినప్పుడు కూడదంటాము. రాత్రి పదకొండు గంటల దాకా ఉజ్జీవ సభలు జరిపి, ఉదయము పిల్లలు లేవలేదని విసుగుకుంటాము. అందుచేత మా సంఘములో ఆదివారము రాత్రి కూడిక ఎనిమిదింటికే ముగిస్తున్నాము.

ఆ శనివారము రాత్రి మేము వాడి పక్కన కూర్చొని, కొట్టినందుకు క్షమించమని అడిగాము. వాడు ఏమీ అనలేదు. కొంతసేపటికి మా చేతిని తీసి తన పొట్ట మీద పెట్టుకొని నిద్రపోయాడు.

వాడి నత్తి పూర్తిగా పోలేదు. సోమవారపు కడుపునొప్పి కూడ అప్పుడప్పుడు వచ్చేది. అయితే ఒక సోమవారము వాడే, "కడుపునొప్పి కాదు డాడీ, ఈ రోజు రీ... రీడింగు ఉంది" అన్నాడు. ఆ రోజు ఆటోను పంపివేసి బండి మీద తీసుకువెళ్లాము. గేటు దగ్గర దిగి, వెనక్కి తిరిగి ఒకసారి చూసి, లోపలికి వెళ్లాడు.

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, మా బిడ్డలు మాటలతో చెప్పలేనిది వినే చెవిని మాకు దయచేయుము. మేము వారిని పంపవలసిన చోటికి పంపుటకు ధైర్యమును, వారితో కూడ నడుచుటకు ఓర్పును అనుగ్రహించుము. తొందరపడి ఎత్తిన మా చేతులను క్షమించుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.