మీకు తెలుసా? వేలిముద్రకూ తాళం ఉంది!

హైదరాబాద్‌లోని కృష్ణానగర్, యూసుఫ్‌గూడ, రహమత్ నగర్ గల్లీల్లో సినిమా వేషాల కోసం తిరిగేవాళ్ల ఫోన్లలో ఫొటోలు, ఎత్తు, వయసు, నంబరు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. వాట్సాప్ గ్రూపులో ‘ఆర్టిస్టులు కావలెను’ అని కనబడగానే, అవతల ఉన్నదెవరో కనుక్కోకుండానే పంపేసేవాళ్లు ఎందరో. అలా పంపేవాళ్లకే కాదు, ‘నేనెవరికీ ఏమీ పంపను’ అనుకునేవాళ్లకూ ఈ సంగతులు అవసరమే.

ఫొటో ఇంటి దారి చెబుతుంది

ఫోన్ కెమెరాకు లొకేషన్ అనుమతి ఉంటే, ఫొటో తీసిన సమయంతో పాటు ఆ చోటి అక్షాంశ రేఖాంశాలు కూడా ఫైల్లో చేరిపోతాయి. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే ఆ వివరాలు రాలిపోతాయి. క్వాలిటీ తగ్గకూడదని ‘డాక్యుమెంట్’గా పంపితే మాత్రం అలాగే ఉంటాయి. పోర్ట్‌ఫోలియోలో మీ డాబా మీద దిగిన ఫొటో ఒక్కటున్నా చాలు, మీ ఇల్లెక్కడో దొరికిపోతుంది. కెమెరా సెట్టింగుల్లో లొకేషన్ ఆపేస్తే సరి.

ఫ్రీగా సినిమా చూస్తే...

2025 నవంబరులో ఐబొమ్మ పైరసీ సైటు కేసులో హైదరాబాద్ పోలీసులు ఒకరిని అరెస్టు చేశారు. నిందితుడి దగ్గర ఆ సైటు చూసిన సుమారు 50 లక్షల మంది వ్యక్తిగత వివరాలున్నాయని కమిషనర్ సజ్జనార్ ప్రకటించారు. పైరసీతో నష్టం ఫిల్మ్‌నగర్ నిర్మాతలకే అనుకున్నవాళ్లు ఉలిక్కిపడ్డ మాట అది.

66.9 కోట్ల పేర్లు

‘లోన్ కావాలా సార్?’ అని పేరు పెట్టి మరీ పిలిచే గొంతుకు మన నంబరు ఎక్కడిది? 2023 ఏప్రిల్‌లో సైబరాబాద్ పోలీసులు పట్టుకున్న ఒక్క నిందితుడి దగ్గరే 66.9 కోట్ల మంది వ్యక్తుల, సంస్థల వివరాలు బయటపడ్డాయి. 24 రాష్ట్రాలకు చెందిన ఆ జాబితాల్ని ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాడని పోలీసులు చెప్పారు.

దస్తావేజు నుంచి దొంగ సిమ్

2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో సిమ్ కార్డులమ్మే ఓ వ్యాపారి పోలీసులకు చిక్కాడు. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్ నుంచి భూమి దస్తావేజులు డౌన్‌లోడ్ చేసి, వాటి మీది వేలిముద్రలతో రబ్బరు స్టాంపు తీరున నకళ్లు తయారుచేసి, వేరేవాళ్ల ఆధార్‌పై వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడన్నది కేసు. ఆ వేలిముద్రల వాళ్లు ఇంటర్నెట్‌లో పెట్టిందేమీ లేదు. పొలమో, స్థలమో కొన్నారు, అమ్మారు, అంతే!

తాళం ఎక్కడ వేయాలి?

పాస్‌వర్డ్ పోతే మార్చుకోవచ్చు, వేలిముద్ర మార్చుకోలేం. అందుకే ఆధార్ జారీచేసే ఉడాయ్ వెబ్‌సైట్‌లోనూ ఆధార్ యాప్‌లోనూ ‘బయోమెట్రిక్ లాక్’ పెట్టారు. అది వేస్తే మీ వేలిముద్రతో ఎవరూ ఆధార్ ధ్రువీకరణ చేయలేరు. రేషన్‌కో, సిమ్‌కో అవసరమైనప్పుడు మీరే కాసేపు ఆ తాళం తీయొచ్చు. ఎవరైనా ఆధార్ కాపీ అడిగితే, చివరి నాలుగంకెలే కనిపించే ‘మాస్క్‌డ్ ఆధార్’ ఇచ్చి చూడండి. మీ పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో కేంద్ర టెలికం శాఖ వారి ‘సంచార్ సాథీ’లో చూసుకోవచ్చు. మీవి కానివి కనిపిస్తే అక్కడే ఫిర్యాదు చేయొచ్చు.

మెగాస్టార్‌కు కోర్టు, మరి మనకు?

తన పేరు, ముఖం, గొంతు అనుమతి లేకుండా వాడకుండా 2025 సెప్టెంబరులో చిరంజీవి హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టు నుంచి మధ్యంతర ఉత్తర్వు తెచ్చుకున్నారు. పేరులేని జూనియర్ ఆర్టిస్టుకు కోర్టు మెట్లెక్కే స్తోమత ఉండకపోవచ్చు. కానీ ముఖం మార్ఫింగ్ చేసిన బొమ్మ కనిపిస్తే ఆ సామాజిక మాధ్యమానికి నేరుగా ఫిర్యాదు చేసే హక్కు 2021 ఐటీ నిబంధనల్లో అందరికీ ఉంది. ఫిర్యాదు అందాక రెండు గంటలు దాటకుండా దాన్ని తొలగించడం ఆ కంపెనీ బాధ్యత.

హక్కు ఉంది, అడగాలి

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది సుప్రీంకోర్టు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా తేల్చారు. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. 2025 నవంబరులో వెలువడిన నిబంధనలతో అది దశలవారీగా అమల్లోకి వస్తోంది. ఇచ్చిన వివరాలు చెరిపేయమని కంపెనీని అడిగే వీలు ఆ చట్టంలో ఉంది.

ఇన్ని జాగ్రత్తలు పడ్డా ఖాతాలో డబ్బు పోతే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేయండి. సొమ్ము ఖాతాలు మారిపోయేలోపే ఆపగలిగితే తిరిగొచ్చే అవకాశం ఎక్కువ.