తమ్ముడి ఊళ్లో హోటల్ గది

"దుబాయ్ పోయి హోటల్ల దిగుడేందమ్మా? తమ్ముడు అక్కడనే ఉండె గద!"

తిరిగొచ్చిన మర్నాడు మా వాడకట్టులో నన్నడిగిన మొదటి మాట ఇది. తప్పేం లేదు. బయలుదేరే దాకా మా అమ్మ కూడా తమ్ముడి ఇంటికే వెళ్తున్నామనుకుంది.

మాది మెట్‌పల్లి. 1970ల నుంచీ ఈ చుట్టుపక్కల ఊళ్ల మగపిల్లలు గల్ఫ్‌కి వెళ్తూనే ఉన్నారు. అయినా కొడుకు ఉండే చోటు చూసొచ్చిన తల్లి నాకు తెలిసి మా వీధిలో ఒక్కరూ లేరు. మా తమ్ముడు 2013లో వెళ్లాడు. రెండేళ్లకోసారి వచ్చి నెలరోజులుండి పోతాడు. బీడీలు చుట్టి మమ్మల్ని పెంచిన అమ్మకిప్పుడు అరవై నాలుగేళ్లు. "వాడు ఏడ పంటుండో ఒక్కపారి సూసొస్త" అని పట్టుబట్టింది. పిల్లల్ని తాను చూసుకుంటానన్నారు మావారు. అలా 2024 డిసెంబరులో అమ్మా నేనూ, ఇద్దరమే బయలుదేరాం.

టికెట్లు తీశాక తమ్ముడు నాకు విడిగా ఫోన్ చేశాడు. "అక్కా, ఏదన్న హోటల్ల రూం బుక్ చెయ్యి. అమ్మకు ఇప్పుడే చెప్పకు" అన్నాడు. వాడుండేది సోనాపూర్. మ్యాపులో ఆ చోటి పేరు ముహైస్నా. మనవాళ్లంతా పిలిచేది మాత్రం సోనాపూర్ అనే. అంటే బంగారు ఊరు! వాడిది మగవాళ్ల లేబర్ క్యాంపు, ఆడవాళ్లను లోపలికి రానివ్వరట. వీడియో కాల్‌లో ఎప్పుడూ వాడి వెనక నీలం రంగు గోడ ఒక్కటే కనిపించేది. అది పై మంచం పక్కనుండే గోడ అని అప్పుడు తెలిసింది నాకు.

హోటల్ వెతకడం కూడా ఒక విద్యే సుమండీ. ఫోటోల్లో అన్ని గదులూ తెల్లటి దుప్పట్లతో ఒక్కలాగే ఉంటాయి. నేను గది అందం చూడటం మానేసి తమ్ముడు రావడానికి ఏది దగ్గరో చూశాను. దేరాలో మెట్రో గ్రీన్ లైన్ స్టేషనుకి అయిదు నిమిషాల నడకలో ఒకటి దొరికింది. రాత్రికి 170 దిర్హాములు. అప్పట్లో దిర్హాము మన 23 రూపాయలు అనుకోండి. ఆ డబ్బుతో అయిపోతుందనుకున్నాను గానీ కాలేదు. 2014 నుంచి అక్కడ టూరిజం దిర్హామ్ అని ఒకటుంది. హోటల్ స్థాయిని బట్టి గదికి రాత్రికి 7 నుంచి 20 దాకా కౌంటర్లో విడిగా కట్టాలి. మాకు 10 పడింది. మరో వంద డిపాజిట్ తీసుకుని, వచ్చేటప్పుడు తిరిగిచ్చారు. వారం పైన ఉండేవాళ్లయితే వంటగది ఉన్న హోటల్ అపార్ట్‌మెంట్లు చూసుకోవడం మేలు. మామూలు గదిలో వంట కుదరదు. అమ్మ అగరుబత్తి ముట్టిస్తానంటే కప్పులో ఉన్న పొగ అలారం చూపించి ఆపాల్సొచ్చింది.

అన్నట్టు, సామాను సర్దేటప్పుడు మసాలా పొట్లాలు ఒకసారి విప్పి చూసుకోండి. గసగసాలు అక్కడ నిషేధం. మనం కూరలో వేసుకునేవే, వాళ్లకు మత్తుమందు కింద లెక్క. తమ్ముడు ముందే హెచ్చరించబట్టి అమ్మ సంచిలోంచి ఆ పొట్లం తీయించాను. సకినాలు, పాలపొడి, టీపొడి వెళ్లాయి.

విమానం శనివారం పొద్దున ఏడింటికి దిగింది. గది ఇచ్చేది మధ్యాహ్నం రెండింటికి! అమ్మ కౌంటరు ఎదుట సోఫాలో సంచి ఒళ్లో పెట్టుకుని, "తమ్ముని ఇంటికి పోక ఈడ ఎందుకు కూసున్నమే?" అని అడుగుతూనే ఉంది. వాడికి డ్యూటీ ఉందని ఏదో సర్దిచెప్పాను.

గది చిన్నది. రెండు మంచాలు, కెటిల్, ఏసీ ఉన్నాయి. స్నానాల గదిలో బకెట్ లేదు, అడిగితే తెచ్చారు. కిటికీ తెర జరిపితే చెయ్యి చాపినంత దూరంలో పక్క భవనం గోడ. ఇంత డబ్బు పోసి గోడ చూడ్డానికొచ్చామా అని నన్ను నేనే తిట్టుకున్నాను.

రాత్రి ఎనిమిదిన్నరకు తమ్ముడొచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని చుట్టంలా వచ్చాడు. కౌంటర్లో వాడి ఎమిరేట్స్ ఐడీ చూసి, పది దాటాక ఉండాలంటే పేరు రాయించాలి, అదనపు మంచానికి 60 దిర్హాములు కట్టాలి అన్నారు. కట్టేశాను.

అన్నం తిన్నాక అమ్మ అడగనే అడిగింది. "నీ రూం ఎంత దూరముంటది కొడుకా? రేపు పొయ్యి సూద్దాం."

వాడు నా వైపు చూశాడు. నేను కెటిల్లో నీళ్లు పోసే పని పెట్టుకున్నాను.

"ఆడికి ఆడోళ్లను రానియ్యరమ్మా. ఒక రూంల ఎనిమిది మందిమి ఉంటం. మంచం మీద మంచం. నాది మీది మంచం."

"పదకొండేండ్ల నుంచా?"

"క్యాంపులు మారినయ్. మంచం గట్లనే."

అమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. లేచి తన మంచం మీది దుప్పటి దులిపి వాణ్ణి అందులో పడుకోబెట్టింది. తను మడత మంచం మీద పడుకుంది.

మర్నాడు ఆదివారం, వాడికి సెలవు. పదకొండింటికి బుర్జ్ ఖలీఫా ఎక్కడానికి టికెట్లు కొనిపెట్టాను. 828 మీటర్ల భవనం, మళ్లీ చూస్తామా! తొమ్మిదయింది, పదయింది, వాడు లేవడే! లేపబోతే అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "పండనియ్యే." టికెట్ డబ్బులు పోతాయన్నాను. "పోనీ" అంది. ఒప్పుకుంటున్నాను, నాకు కోపమే వచ్చింది. బయటికి వెళ్లి నాలుగు సందులు తిరిగొచ్చాను. వచ్చేసరికి తెర మూసిన చీకట్లో అమ్మ అలాగే కూర్చుని, దుప్పట్లోంచి బయటికొచ్చిన వాడి పాదాల పగుళ్లు చూస్తోంది. పక్క భవనం గోడ పుణ్యమా అని గదిలోకి ఎండ రావడం లేదు. వాడు ఒంటిగంటకు లేచి, "అలారం మోగలేదేంది?" అని ఉలిక్కిపడ్డాడు.

సాయంత్రం ఒక దిర్హాము టికెట్‌తో అబ్రా పడవలో క్రీక్ దాటాం. నేను చూసిన దుబాయ్ దాదాపు అంతే. సోమవారం తెల్లవారుజామున నాలుగింటికి కంపెనీ బస్సు అందుకోవాలని వాడు వెళ్లిపోయాడు. మిగిలిన రెండు రోజులూ డ్యూటీ అయ్యాక వచ్చి గంటసేపు కూర్చుని, పది కాకముందే వెళ్లేవాడు.

మొదట చెప్పిన ప్రశ్న అడిగింది మా ఎదురింటామె. ఆమె కొడుకు షార్జాలో ఉంటాడు. నేను ఏదో నసుగుతుంటే అమ్మ లోపలినుంచి వచ్చింది. "హోటల్లనే దిగినం. ఎనిమిది మంది పండే కాడ నేనేడ పండాలె? నీ కొడుకు గూడ గట్లనే ఉంటడు, అడుగు" అంది.

ఆమె కాసేపు మాట్లాడలేదు. చీపురు పట్టుకుని వాళ్లింటి వైపు నాలుగడుగులు వేసి, మళ్లీ వెనక్కొచ్చింది.

"ఆ రూం కిరాయి దినానికెంతనే?"

కాగితం మీద రాసిచ్చాను. గదికి 170, టూరిజం దిర్హామ్ 10, కొడుకు మంచానికి 60.