తిట్టినా ఆయన్నే... పొగిడినా ఆయన్నే!

గోల్కొండ కోట ఎక్కినవాళ్లు 'రామదాసు బందీఖానా' దగ్గర ఒక సెల్ఫీ అయినా దిగే ఉంటారు. గోడ మీద రాముడి బొమ్మ, హనుమంతుడి బొమ్మ, చుట్టూ రాతి గోడలు. అక్కడ నిలబడితే నాకు ఒకటే డౌట్ వచ్చింది: ఇలాంటి చోట మనిషికి పాట ఎలా వస్తుంది?

కథ మనకు తెలిసిందే. నేలకొండపల్లి వాసి కంచర్ల గోపన్న 17వ శతాబ్దంలో తానీషా ఏలుబడిలో పాల్వంచ పరగణా తహసీల్దారు. శిస్తు సొమ్ముతో భద్రాచలంలో గుడి కట్టించాడని ఆయన్ని ఖైదు చేశారు. 12 ఏళ్లు జైల్లోనే ఉన్నాడని చెబుతారు.

పొగడ్తలో లెక్కలు!

ఆ పాటలన్నీ పొగడ్తలే అనుకుంటే పొరపాటే. 'ఇక్ష్వాకు కుల తిలక' కీర్తన ఒకసారి శ్రద్ధగా వినండి. సీతమ్మకు ఏ నగ చేయించాడో, లక్ష్మణుడికి, భరతుడికి ఏం చేయించాడో, దేనికి ఎంత ఖర్చయిందో రాముడికే లెక్క చెబుతాడు. ఎంతైనా తహసీల్దారు కదా! ఎవడబ్బ సొమ్మని గట్టిగానే నిలదీస్తాడు. ఆఖర్లో మాత్రం, దెబ్బలకు తట్టుకోలేకే అలా తిట్టానని చెప్పుకొంటాడు.

ఇదేం భక్తి అంటారా? నాకైతే అసలు భక్తి ఇదే అనిపిస్తుంది. వింటాడన్న నమ్మకం లేకపోతే అంత చనువుగా ఎవరు అడుగుతారు?

'ఇంకెన్నాళ్లు?'

బైబిల్‌లోనూ ఇలాంటి చనువే కనిపిస్తుంది. 13వ కీర్తనలో ఉన్నవి ఆరే వచనాలు. మొదటి రెండింట్లోనే దావీదు 'ఇంకెన్నాళ్లు?' అని నాలుగుసార్లు అడుగుతాడు. చివరికి పాడతానంటాడు. మధ్యలో కష్టం తీరినట్టు ఎక్కడా ఉండదు. 88వ కీర్తన అయితే చీకటి మాటతోనే ముగుస్తుంది. దాన్నీ ప్రార్థనగానే దాచుకున్నారు.

ఫిలిప్పీ జైల్లో పౌలు, సీల సంగతీ అంతే. ఒంటి నిండా దెబ్బలు, కాళ్లకు బొండ. అయినా అర్ధరాత్రి ప్రార్థిస్తూ పాటలు పాడారు. భూకంపం వచ్చింది, తలుపులు తెరుచుకున్నది ఆ తర్వాతే. పాట మొదలైనప్పుడు తలుపులు మూసే ఉన్నాయి.

ఆపరేషన్ థియేటర్ బయట

నాన్నకు గుండె ఆపరేషన్ జరిగిన రోజు నా ఫోన్ నిండా 'దేవుడున్నాడు, ఏం కాదు' అనే మెసేజ్‌లే. అమ్మ మాత్రం చిన్నగా రామదాసు కీర్తన పాడుకుంటూ, మధ్యలో ఆపి 'ఎందుకు స్వామీ మాకే ఇలా' అని అడుగుతోంది. మళ్లీ పాట అందుకుంటోంది.

నాన్న ఇంటికొచ్చారు. పక్క బెడ్ పెద్దాయన రాలేదు. వాళ్లింట్లోవాళ్లూ మాలాగే మొక్కారు. అందుకే 'ప్రార్థిస్తే అన్నీ సెట్ అయిపోతాయి' అని నేను మీకు చెప్పలేను. ఆ ఐదు గంటలూ అమ్మ ఒంటరిగా లేదని మాత్రం చెప్పగలను. భయం చెప్పుకోవడానికి ఆమెకొకరు ఉన్నారు.

మీ వంతు వస్తే...

రిజల్ట్ పోయిందా? ఆఫర్ లెటర్ ఆగిపోయిందా? ఇంట్లో అప్పులా? ముందు మనసులో ఉన్నది ఉన్నట్టు చెప్పేయండి. అందమైన మాటలు అక్కర్లేదు, కోపం వచ్చినా ఫర్వాలేదు. ఆ తర్వాత, నిన్నటిదాకా అందిన మంచి ఒక్కటైనా గుర్తు చేసుకుని థ్యాంక్స్ చెప్పండి. మాటలు రాకపోతే చిన్నప్పటి నుంచి తెలిసిన పాట ఒకటి పాడుకోండి. అలాంటి రోజుల కోసమేగా పెద్దవాళ్లు పాటలు నేర్పింది!

ఒక్క మాట. ప్రార్థన చేస్తున్నామని డాక్టర్‌ను మానేయకూడదు. మనసు మరీ బరువెక్కితే టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. ఏ వేళైనా, ఉచితంగా మాట్లాడతారు. సాయం అడిగినంత మాత్రాన నమ్మకం తగ్గినట్టు కాదు. సాయానికి మనిషిని పంపడం కూడా దేవుడు చేసే పనే కదా!