సీసాలో నిలిచిన వాన

రాత్రి వాన ఎలా పడిందని అడిగితే తెనాలిలో ‘దంచికొట్టింది’ అనొచ్చు, రేపల్లె వైపు ‘మళ్లు నిండాయి’ అనొచ్చు, బాపట్లలో ‘చినుకు పడితే ఒట్టు’ అనొచ్చు. మూడూ నిజాలే కావచ్చు. ఆ మాటలను మిల్లీమీటర్లలోకి మార్చే యంత్రం ఖాళీ కూల్‌డ్రింకు సీసాలోనే ఉంది.

రెండు లీటర్ల సీసా మెడ భాగాన్ని, గోడలు నిటారుగా మొదలయ్యే చోట కోసి, తలకిందులుగా గరాటులా అందులోనే దోపాలి. అడుగు ఎగుడుదిగుడుగా ఉంటుంది కనుక గులకరాళ్లు వేసి, అవి మునిగేదాకా నీళ్లు పోసి, ఆ మట్టం దగ్గర సున్నా గీత గీయాలి. అక్కడి నుంచి పైకి స్కేలు. సీసా లావైనా సన్నమైనా 10 మి.మీ. వాన 10 మి.మీ. ఎత్తే నిలుస్తుంది. పిల్లలు ఒక పట్టాన నమ్మరు. నిటారు గోడల డ్రమ్మునూ గ్లాసునూ పక్కపక్కన పెడితే వానే ఒప్పిస్తుంది. పెరట్లో రోలు మాత్రం పనికిరాదు. పైన వెడల్పు, అడుగున ఇరుకు.

దీని పూర్వీకులు చాలా పాతవాళ్లు. ధాన్యపు కోష్ఠాగారంలో మూర వెడల్పు మూతి ఉన్న కుండను వానకొలతకు పెట్టాలని కౌటిల్యుడి అర్థశాస్త్రం చెబుతుంది. గిడ్డంగిలోనే ఎందుకో రైతుకు వేరే చెప్పాలా! ద్రోణమనే ఆనాటి కొలతలో అవంతి దేశానికి 23, అశ్మకానికి 13½ అని వానలెక్క కూడా ఇస్తుంది. ఆ అశ్మకం మన బోధన్ ప్రాంతమేనని చాలామంది చరిత్రకారుల మాట. 1441లో కొరియా రాజు సెజోంగ్ కొలువులో వానకొలత పాత్ర తయారైంది. 17వ శతాబ్దపు ఇంగ్లండులో క్రిస్టఫర్ రెన్, నిండగానే తానే ఒరిగి ఖాళీ అయ్యే తొట్టిని ఆలోచించాడు. నేటి ఆటోమేటిక్ కేంద్రాల్లో చాలావాటిలో టక్ టక్‌మని ఒరిగేవి దాని వారసులే.

అయితే ఈ కథలో అసలు మొనగాడు యంత్రం చేసినవాడు కాదు, జనాన్ని కూడగట్టినవాడు. జార్జ్ సైమన్స్ 1860లో బ్రిటన్‌లో 168 చోట్ల వానలెక్కలు పోగుచేశాడు. 1900లో ఆయన పోయేనాటికి ఆ కేంద్రాలు మూడు వేలు దాటాయి. రాసిపెట్టినవాళ్లలో ఎక్కువమంది మామూలు మనుషులే. మన దగ్గరా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరవు జిల్లాల్లో, ప్రకాశంతో సహా, రైతులే వాననూ బావుల మట్టాన్నీ కొలిచి ఏ పంట వేయాలో తేల్చుకున్న పథకం 2000ల దశకంలో నడిచింది.

ఇక మన సీసాల దగ్గరికి వస్తే, తెనాలి జంక్షన్ నుంచి ఒక రైలు లైను బాపట్లకు, ఇంకొకటి రేపల్లెకు. పిల్లలు సీసాలు సంచిలో వేసుకుని బాపట్ల దగ్గరి సూర్యలంక తీరం దాకా వెళ్తే చాలు, సీసాను ఎక్కడ పెట్టాలో మంచి పాఠం. సరుగుడు చెట్టు ఎత్తుకు కనీసం రెండింతల దూరంలో సీసాను పాతాలి. మన వాతావరణ శాఖ తన గేజీ అంచును నేలకు 30 సెంటీమీటర్ల ఎత్తులోనే ఉంచుతుంది. ఎత్తు పెరిగేకొద్దీ గాలి చినుకులను మూతి మీదుగా తోసుకుపోతుంది. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. అలాంటి గాలిలో డాబా మీది సీసా తక్కువే చూపిస్తుంది.

ఒక మిల్లీమీటరు వాన అంటే ఎకరానికి నాలుగు వేల లీటర్ల పైచిలుకు. అందుకే గీతను వంగి, కంటిమట్టంలో చూడాలి. వేళ ఉదయం ఎనిమిదిన్నర, ఆదివారమైనా సరే. చుక్క పడకపోతే 0 అని రాయాలి. గడి ఖాళీగా వదిలితే వాన పడలేదో, పిల్లవాడు నిద్ర లేవలేదో ఎవరికీ తెలియదు.