జట్టు కూర్పు

నేటి నా ప్రసంగమునకు విషయము చెడుగుడు జట్టుల కూర్పు. ఆట లేని నెలలలో ఏ ఆటగానిని నిలుపుకొనవలెను, ఎవనిని విడువవలెను, ఎవనిని ఏ ధరకు కొనవలెను అని మన యువకులు వాదించుకొనుచుందురు గదా, ఆ వాదమును గూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిని. ఇది పనిలేనివారి ముచ్చట యని కొందఱు పెద్దలు కొట్టివేయుదురు. అందు ఊరిపెద్దలు ఆలోచింపదగిన సంగతి కలదని నా అభిప్రాయము.

మన నెల్లూరు తీరమున ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు మరపడవలకు సముద్రపు వేట నిషిద్ధము. ఆ 61 దినములును ఇస్కపల్లి మొదలు తూపిలిపాలెము వఱకు పడవలు ఒడ్డుననే యుండును. వలలు బాగుచేయువారి చేతులకు పని యుండును గాని నోటికి ఉండదు. ఆ దినములలో నేను తీరగ్రామములకు పోయినపుడు తఱుచుగా వినునది ఈ జట్టుల చర్చయే. 2025లో ప్రొ కబడ్డీ పోటీల వారు ఆటగాండ్ర వేలమును మే 31, జూన్ 1 తేదీలలో ముంబయిలో జరిపిరి. అది సరిగా వేట లేని కాలముననే వచ్చినది.

అమెరికాలో బేస్‌బాల్ అను బంతియాట కలదు. చలికాలమున ఆ ఆట ఉండదు. బయట మంచు కురియుచుండగా జనులు వేడిపొయ్యి చుట్టును చేరి రాబోవు ఏటి జట్టును గూర్చి వాదించుకొనెడివారట. అందుచేత అట్టి చర్చకు ‘వేడిపొయ్యి కూటము’ అను పేరే స్థిరపడినది. వారికి మంచు, మనకు వేట నిషేధము. చర్చ మాత్రము రెండు తావుల ఒక్కటే.

చెడుగుడు ఆట మీకు నేను చెప్పవలసినది కాదు. మీలో పలువురు వయసున నున్నపుడు ఇసుకలో బరి గీచి ఆడినవారే. కాని 2014 జులైలో ప్రొ కబడ్డీ పోటీలు మొదలైన పిమ్మట ఆటగానికి వెల ఏర్పడినది. ఆ మొదటి వేలమున అత్యధికముగా పలికినవాడు రాకేశ్ కుమార్. వాని ధర 12 లక్షల 80 వేల రూపాయలు. 2023 అక్టోబరు వేలమున పవన్ సెహ్రావత్ అను కూతగాని ధర 2 కోట్ల 60 లక్షల 50 వేలకు పోయెను. వానిని కొన్నది తెలుగువారి పేరు పెట్టుకొన్న తెలుగు టైటన్స్ జట్టే.

ఈ వేలమునకు కట్టుబాట్లు కలవు. 2023లో ఏ జట్టును 5 కోట్ల రూపాయలకు మించి ఆటగాండ్రపై వెచ్చింపరాదని నియమించిరి. ఆ సొమ్ములోనే పదునెనిమిది మందికి తక్కువ కాకుండ జట్టును కూర్చుకొనవలెను. పాతవారిలో కొందఱిని వేలమునకు పంపక నిలుపుకొనవచ్చును. విడిచినవానికి మఱియొకరు పాట పాడినపుడు, ఆ కడపటి ధరను తామే యిచ్చి వానిని తిరిగి తెచ్చుకొను హక్కును పాతజట్టునకు కొంతమేరకు కలదు. క్రికెట్ పోటీలలో ఒక జట్టు తన ఆటగానిని ఇచ్చి వేఱొక జట్టు ఆటగానిని పుచ్చుకొను మారకము కూడ నడచుచున్నది. 2025 నవంబరులో చెన్నై జట్టు రవీంద్ర జడేజాను, శామ్ కరన్‌ను రాజస్థాన్ జట్టునకు ఇచ్చి సంజూ శాంసన్‌ను తెచ్చుకొన్నది. ఆ వారములో మన తీరమున టీ అంగళ్లవద్ద వేఱు మాట వినబడలేదు.

ఇక వాదములోని సారమునకు వత్తును. మొదటి ప్రశ్న యిది: ఉన్న సొమ్ములో సగము ఒక్క ప్రసిద్ధునికే పోయవచ్చునా? 5 కోట్లలో 2 కోట్ల 60 లక్షలు పోయినపుడు తక్కిన పదునేడుగురికో అంతకు పైబడినవారికో మిగులునది సగమైనను లేదు.

యువకులలో ఒక పక్షమువారు ఇట్లందురు: “కూతకు పోయి వట్టిచేతులతో రానివాడు ఒక్కడున్న చాలును. వానిని చూచుటకు జనులు వత్తురు. వానివలెనే కావలెనని పిల్లలు ఆట నేర్తురు.” ఈ మాట త్రోసివేయదగినది కాదు. పవన్ ఆ యేడు తన పనిలో లోపము చేయలేదు. కూతలలో 200కు మించి పాయింట్లు తెచ్చెను. అయినను ఆ జట్టు 22 ఆటలాడి రెంటిలోనే గెలిచి, పండ్రెండు జట్టులలో కట్టకడపట నిలిచెను.

ఇట్లేల జరిగినది? ఆటయొక్క కట్టడిలోనే సమాధాన మున్నది. కూతకు పోవువానికి 30 సెకండ్ల వ్యవధి మాత్రమే. పట్టుబడెనా, బయట కూర్చుండవలసినదే. తనవారు పాయింటు తెచ్చినగాని బరిలోనికి రాజాలడు. అనగా ఎంత గొప్ప కూతగాడైనను బయటనున్నంతసేపు వాని కోట్లు వానితో కూర్చున్నట్లే. వానిని లేపి తేవలసినవారు పట్టు పట్టువారు. ఆ పట్టు ఒక్కని పని కాదు. మూలనున్నవాడు కాలు పట్టినపుడు ప్రక్కవాడు నడుము పట్టవలెను. గొలుసుగా చేయి కలిపినవారు వెనుకదారి మూయవలెను. ఒకడు ఒక్క క్షణము ముందుగా దుమికిన యెడల కూతగాడు గీత దాటి పోవును, పట్టబోయినవారందఱు చెడుదురు.

అలివి వల లాగువారికి ఈ సంగతి విప్పి చెప్పనక్కరలేదు. రెండు తాళ్లను రెండు గుంపులు ఒడ్డునకు లాగుచుండగా, ఒక గుంపులో మహాబలుడొకడు చేరి తనవైపే వేగముగా లాగెనేని వల ఒరగిపోవును, చేప జాఱిపోవును. అచ్చట కావలసినది సమానమైన లాగుడు.

పొరుగువారి దృష్టాంతము దీనిని బలపఱచుచున్నది. 2022లో తమిళ్ తలైవాస్ వారు ఈ పవన్‌నే 2 కోట్ల 26 లక్షలకు కొనిరి. మొదటి ఆటలోనే మోకాలు దెబ్బతిని అతడు ఆ యేడంతయు ఆడలేకపోయెను. ఆ జట్టు పని అయిపోయినదని చాలమంది తలంచిరి. కాని నరేందర్ అను యువ కూతగాడును, సాగర్, సాహిల్ గులియా అను మూలవారును నిలుదొక్కుకొని, అంతకుముందెన్నడును సెమీఫైనలు చేరని జట్టును అక్కడివఱకు తీసికొనిపోయిరి.

రెండవ ప్రశ్న పాతవానిని విడుచుట. ఇది మనస్సునకు కష్టమైనది. రాహుల్ చౌధరి 2014 నుండి ఆరు పోటీలవఱకు తెలుగు జట్టుననే ఆడి, ఉత్తరదేశమువాడయ్యు మనవాడనిపించుకొనెను. 2019లో జట్టువారు వానిని విడిచి, 1 కోటి 45 లక్షలకు సిద్ధార్థ్ దేశాయిని కొనిరి. రాహుల్‌ను 94 లక్షలకు తమిళ జట్టువారు తీసికొనిరి. చేసిన మేలు మఱచిరని కొందఱు, వయసు మీఱుచున్నవానిని సకాలమున విడిచిరని కొందఱు వాదించిరి. ఫలితము చూడుడు: అజయ్ ఠాకుర్, మంజీత్ ఛిల్లర్, రాహుల్ అను ముగ్గురు ప్రసిద్ధులున్న తమిళ జట్టు ఆ యేడు కడపటిది. దానికి పైమెట్టున తెలుగు జట్టు. విడిచినవారికిని లాభము లేదు, తీసికొన్నవారికిని లేదు.

అట్లని గొప్పవానిని విడుచుటయే మేలనుకొనరాదు. బేస్‌బాల్ ఆటలో బేబ్ రూత్ అను వానిని బోస్టన్ జట్టు యజమాని 1919 డిసెంబరులో న్యూయార్కు యాంకీస్ జట్టునకు లక్ష డాలర్లకు అమ్మెను. 1918లో విజేతయైన బోస్టన్ మరల గెలుచుటకు 2004 వఱకు 86 సంవత్సరములు పట్టినది. అంతవఱకు ఒక్కసారియు గెలువని యాంకీస్ 1923లో తొలివిజయము పొంది, ఆ నడుమ 26 సారులు గెలిచిరి. ఇది ఒక్కని మహిమ యని చెప్పను; వాని వెనుక బోస్టన్ నుండి మఱికొందఱు మంచి ఆటగాండ్రు కూడ అక్కడికే పోయిరి. తన యింటిలో కుదురుకొన్న బలమును ధనమునకై పోగొట్టుకొన్నవానికి తిరిగి దానిని కూర్చుకొనుట ఎంత కష్టమో దీనివలన తెలియును.

కొనుటయు తప్పుగా, విడుచుటయు తప్పుగా పరిణమించినపుడు ఇక న్యాయమేది? ఎడ్లను కొనుచోట మన రైతు చేయు ఆలోచనయే ఇక్కడను పనికివచ్చునని నాకు తోచుచున్నది. సంతలో ఒంగోలు జాతి గిత్తను చూచి, దాని మూపురమును, నడకను మెచ్చి వెంటనే రొండిలోని సొమ్ము తీయడు. కొట్టములో నున్న ఎద్దునకు ఇది జోడగునా, ఎత్తు సరిపోవునా, వలపటికా దాపటికా అని చూచును. జోడు కుదరని మేలిగిత్తకంటె కుదిరిన సామాన్యపుటెద్దు కాడిని చక్కగా మోయును. ఆటగానిని గూర్చి అడుగవలసినది “ఎంత గొప్పవాడు?” అని కాదు, “మనకున్న కొఱత ఏది? దానిని ఇతడు తీర్చునా?” అని.

ఇట్లు అడిగి గెలిచినవారు పుణె జట్టువారు. వారు కొన్ని యేండ్లుగా యువకులను చేరదీసి తర్ఫీదు చేసిరి. అస్లం ఇనాందార్, మోహిత్ గోయత్ అనువారు అట్లు పైకి వచ్చినవారే. కూతగాండ్రు తమకు కలరు, పట్టులో ఒక గట్టిచేయి తక్కువయని గుర్తించి, 2023లో ఇరాను దేశీయుడగు మహమ్మద్‌రెజా షాద్లూను 2 కోట్ల 35 లక్షలకు కొనిరి. ధర తక్కువది కాదు. కాని ఆ సొమ్ము కొఱత ఉన్నచోటనే పడినది. 2024 మార్చి 1న మన హైదరాబాదుననే జరిగిన తుదిపోటీలో వారు హర్యానా జట్టును 28–25తో గెలిచిరి.

తెలుగు జట్టు కథయు క్రమముగా మాఱినది. 2024లో పవన్ గాయపడి పెక్కు ఆటలకు దూరమైనపుడు విజయ్ మలిక్ భారమును మోసెను. జట్టు 12 ఆటలు గెలిచి ఏడవదిగా నిలిచెను. 2025 వేలమున పదిమంది ఆటగాండ్రు కోటికి మించి పలికిరి. వారిలో ఒక్కనినైనను తెలుగు జట్టు కొనలేదు. విజయ్ మలిక్‌ను తిరిగి తెచ్చుకొని నాయకుని చేసి, కూతకును పట్టుకును పనికివచ్చు భరత్ హుడాను చేర్చుకొనిరి. మూడుసారులు వరుసగా అడుగున నిలిచిన జట్టు ఈ కూర్పుతో తుదిపోటీకి ఒక మెట్టు దిగువవఱకు వచ్చెను.

మూడవ ప్రశ్న మీకు సంబంధించినది. ‘తెలుగు’ అను పేరున్న జట్టులో హర్యానా, మహారాష్ట్ర ప్రాంతముల వారే అధికముగా నుందురు. “ఇది మన జట్టెట్లగును?” అని కొందఱు యువకులు అడుగుదురు. బరి మీద చెమటోడ్చినవానిని పరాయివాడనుట నాకు సమ్మతము కాదు. కాని మన పిల్లలు ఆ మెట్టు ఎక్కకపోవుటకు కారణము ముంబయి వేలములో లేదు. మన ఊరి కమిటీలలో ఉన్నది.

పండుగ పోటీలు వచ్చునప్పటికి మన తీరగ్రామములలో కొన్ని చోట్ల చందా సొమ్మునంతయు పోసి పైయూళ్లనుండి కూతగాండ్రను రప్పించుట నేను చూచితిని. బహుమతి ఊరి పేరున వచ్చును. తెచ్చినవారు మఱునాటి ఉదయము బస్సెక్కిపోవుదురు. మన యువకులు గీతకవతల నిలిచి చప్పట్లు కొట్టుదురు. అట్లు రెండు మూడేండ్లు గడచిన పిమ్మట ఆ యూరిలో పట్టు నేర్చినవాడు మిగులడు. కూత ఒక్కడే సాధన చేసికొనవచ్చును గాని పట్టు నలుగురు కలిసి చాలకాలము ఆడినగాని రాదు. పైనుండి తెచ్చుకొనుట సులభమైనది కూత. ఊరిలో పెంచుకొనవలసినది పట్టు.

కావున పెద్దలకు నా మనవి. పోటీకై సొమ్ము ప్రోగైనపుడు అందు సగమైనను ఊరిపిల్లల సాధనకు ముందుగా తీసి యుంచుడు. మంచి మట్టి బరి, నేర్పుటకు ఒక గురువు, దెబ్బ తగిలినవానికి వైద్యము, వీని తరువాతనే పైవాని కూలి. పైవానిని పిలువదలచినను ఒక్కనిని పిలువుడు; పండుగనాడు కాక నెల ముందుగా పిలిచి మనవారితో కలిసి ఆడనిండు. పోవునాటికి వాని విద్యలో కొంత మన ఊరిలో మిగులును.

వేట లేని దినములలో యువకులు జట్టును గూర్చి వాదించుకొనుచుండగా మీరును ఒక్కమాఱు వారి చెంత కూర్చుండుడు. ఎవని ధర ఎంతయని వారు మీకు చెప్పుదురు. జోడు కుదురుట యనగా నేమో మీరు వారికి చెప్పగలరు. సెలవు.