ఏడు రోజుల విడిదికి పాతికేళ్ళ కప్పం

టైంషేరు అంటే ఇల్లూ కాదు, స్థలమూ కాదు. ఏటా ఒక వారం ఏ గోవాలోనో, ఊటీలోనో కంపెనీవారి విడిదిలో బస చేసే హక్కు మాత్రమే. ఐరోపాలో 1960లలో పుట్టిన ఈ వ్యాపారం 1980లలో మన దేశం చేరింది. చేరేటప్పుడు లక్షల్లో రుసుము; ఆపైన మనం వెళ్ళినా వెళ్ళకపోయినా ఏటేటా నిర్వహణ ఖర్చు. ఒప్పందం చాలావాటిలో పాతికేళ్ళు!

2023లో ఒక కంపెనీవారు మా అక్కయ్యకూ బావగారికీ దీన్ని అంటగట్టారు. హోటల్లో కాఫీ, బహుమతి కూపను, మూడు గంటల మాటలు. బయటికి వచ్చేసరికి సంతకమూ అయింది, అడ్వాన్సూ పోయింది. అది పిల్లదాని కాలేజీ ఫీజుకని దాచిన డబ్బు. తీరా కాగితం చదివితే, వాళ్ళు కొన్న తరగతికి వేసవి సెలవుల్లో గది ఇవ్వరట! ఫోను చేస్తే, "రద్దు కుదరదండీ" అన్నారు.

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల!" అని బావగారు తల పట్టుకున్నారు. తొక్కిన తరువాత కడుక్కోక తప్పదు గదా! కాగితాలు తెప్పించి నేను చదివాను. వెనక పేజీలో, చీమతలకాయలంత అక్షరాల్లో వున్నది: పది రోజుల్లోగా రాతమూలకంగా కోరితే రద్దు చేస్తారు. అప్పటికి ఆరు రోజులయింది. నాలుగు వాక్యాల ఉత్తరం ఆ పూటే రిజిస్టరు చేయించాం; నకలు ఈమెయిల్లో పంపాం. రెండు నెలలకు, కొంత మినహాయించుకొని, డబ్బు తిరిగి వచ్చింది.

ఐరోపా యూనియను 2008లో చేసిన నిబంధనలు కొన్నవారికి 14 రోజుల గడువిచ్చాయి. మన దేశంలో టైంషేరుకు ప్రత్యేక చట్టం లేదు. ఒప్పందంలో ఏ గడువు రాసి వుంటే అదే దిక్కు. అందుకే ముందు ఆ పేజీ వెతకాలి. ఫోనులో చెప్పిన మాట గాలికి పోతుంది. రసీదు మిగిలే ఉత్తరమే నిలుస్తుంది.

గడువు దాటితే? 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం వున్నది. నోటితో ఒకటి చెప్పి, కాగితం మీద మరొకటి రాసి అమ్మితే మీరున్న జిల్లాలోని వినియోగదారుల కమిషనులోనే ఫిర్యాదు చేయవచ్చు. వివాదానికి కారణం ఏర్పడిన నాటినుంచి రెండేళ్ళలోగా వేయాలి. చెల్లించిన మొత్తం 5 లక్షలు దాటకపోతే రుసుము లేదు. వకీలును పెట్టుకోవడం తప్పనిసరి కాదు. కంపెనీవారి కరపత్రాలు, పంపిన సందేశాలు, రసీదులు భద్రంగా వుంచుకోవాలి. దారి తోచకపోతే 1915 నంబరుకు ఫోను చేయండి.

రెండు జాగ్రత్తలు. వాయిదాలకు బ్యాంకు అప్పు తీసుకొనివుంటే అది వేరే ఒప్పందం. ఊరికే కట్టడం మానేస్తే టైంషేరు వదలదు సరిగదా, బ్యాంకులో పరపతి చెడుతుంది. రెండోది, "మీ సభ్యత్వం అమ్మిపెడతాం, ముందుగా కొంత పంపండి" అని పిలిచేవారు. వీరిలో చాలామంది ఆ కొంతా చేతికందాక మళ్ళీ కనబడరు.

మీ బీరువాలో కూడా అలాంటి ఒప్పందం వుంటే ఈ వారమే బయటికి తీయండి. అన్నిటికంటే ముందు తేదీ చూడండి.