ఓడ మీది విందుకు ఏ బట్టలు కట్టవలెను?

సికిందరాబాదు–కాజీపేట రైలుమార్గము మీద ఉన్న జనగామకు సముద్రము చాల దూరము. అయినను, పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో స్థిరపడిన ఇండ్లలో ఇప్పుడు ఓడ ప్రయాణపు మాట వినవస్తున్నది. చూడబోయిన తల్లిదండ్రులను నాలుగు రోజులు విహారనౌక ఎక్కించి త్రిప్పి తెచ్చుట కొందరికి ముచ్చట. అటువంటి ప్రయాణానికి సిద్ధమగుచున్న ఒక పెద్దమనిషి, జనగామ ప్రాంతపువారే, మమ్ము ఇట్లా అడిగినారు: “రాత్రి బువ్వకు సూటు తొడగాలంటున్నడు మా పిలగాడు. పుట్టినకాన్నుంచి దోతి, అంగి తప్ప ఎరుగ. గీ వయసుల వేషం మార్చుకొని తినాల్నా?”

ఇది నవ్వి ఊరకుండదగిన ప్రశ్న కాదు. ఆయన బట్టను గురించి మాత్రమే అడుగలేదు. తన పరువును గురించి కూడ అడిగినారు. కనుక ఆ నియమము ఎక్కడ పుట్టినది, నేడు ఎంత మిగిలి ఉన్నది అన్న సంగతి కొంత విచారింతము.

సాయంకాలము వేరే దుస్తులు ధరించి భోజనానికి కూర్చొనుట 19వ శతాబ్దములో ఇంగ్లండు సంపన్న గృహాల ఆచారము. మహాసముద్రాలు దాటే పెద్ద ఓడలలోని మొదటి తరగతి ప్రయాణికులు ఆ ఆచారాన్ని తమ పెట్టెలతో పాటు ఓడ మీదికి తెచ్చుకొన్నారు. అందులోను ఒక సడలింపు ఉండేది. మొదటి రాత్రి, చివరి రాత్రి పెట్టెలు విప్పి ఉండవు గనుక పగటి దుస్తులతోనే భోజనానికి రావచ్చును. అనగా ఎంత కఠినమైన మర్యాదకైనను సౌకర్యమును బట్టి మినహాయింపు ఉన్నదన్నమాట. ఆ కాలముననే కాకినాడ, విశాఖపట్నము రేవుల నుండి రంగూనుకు కూలికి పోయిన మన తెలుగువారు ఓడ పైతట్టు మీద మూటలు పరచుకొని ప్రయాణము చేసినారు. వారిని విందుకు పిలిచినవారు లేరు, వారి బట్టలను ప్రశ్నించినవారు లేరు. ఆ నియమము ఓడది కాదు, తరగతిది.

భోజనానికి బట్ట మార్చుకొనుట మనకు మాత్రము క్రొత్తదా? మడి పాటించిన ఇండ్లలో ఉతికి ఆరవేసిన పంచెనో పట్టుబట్టనో కట్టుకొనిన పిమ్మటనే విస్తరి ముందు కూర్చొనేవారు. తొడిగిన చొక్కా విప్పి ఉత్తరీయముతో కూర్చొనుటయే అక్కడ మర్యాద. నౌకలోని భోజనశాలలో చొక్కా లేనివానిని లోనికి రానీయరు. ఒకచోట శుచి అనిపించుకొనినది మరియొకచోట అమర్యాద అగుచున్నది. ఈ రెండింటిలో ఏదియు ప్రకృతి నియమము కాదు. ఆయా ఇండ్ల కట్టుబాట్లు మాత్రమే.

అయితే కట్టుబాటు వేరు, అణచివేత వేరు. నిజాము కొలువులో దస్తారు, బగ్లూసు లేనిదే ప్రవేశము లేకుండెను. అది దర్బారు లాంఛనము. పల్లెలలో సంగతి వేరు. దొర గడీ ముందు నుండి పోవునప్పుడు క్రింది కులాలవారు చెప్పులు చేతబట్టుకొని నడువవలసి వచ్చినది. జనగామ తాలూకాలోని విసునూరు దేశ్‌ముఖు పెత్తనము క్రింద నలిగిన ఊళ్లలో కడవెండి ఒకటి. 1946 జూలై 4న అక్కడ దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకు బలియైన పిమ్మట తెలంగాణ రైతాంగ పోరాటము పెద్ద మంటయై లేచినది. ఆ నేల మీద పుట్టి పెరిగిన పెద్దలకు “ఇట్లా తొడిగితేనే లోపలికి” అన్న మాట మనకు వినబడినట్లు వినబడదు. ఆ దోతి వెనుక ఆ జ్ఞాపకము ఉన్నది.

ఇక నేటి నౌకల సంగతి. అనేక నౌకలలో చాల రాత్రులు సాధారణమైన శుభ్రమైన దుస్తులు చాలును. నార్వేజియన్ అను నౌకాసంస్థ 2000వ సంవత్సరములో “ఫ్రీస్టైల్” అను పేరుతో వేళకు, వేషానికి నిర్బంధము తగ్గించి ప్రయాణికులను ఆకర్షించినది. క్యూనార్డ్ వంటి పాత సంస్థ నౌకలలో మాత్రము కొన్ని ప్రత్యేక రాత్రులు నల్లని సూటు మర్యాద నిలిచి ఉన్నది. అక్కడ కూడ అది ఇష్టము లేనివారికి వేరే భోజనశాలలు ఉన్నవి. ఈతబట్టలు, తడిబట్టలు, వట్టి కాళ్లు పెద్ద భోజనశాలలలో సామాన్యముగా కూడవు.

ముఖ్యమైన మాట ఒకటి. ఆ ప్రత్యేక రాత్రులకు సైతము స్వదేశపు పండుగ దుస్తులను క్యూనార్డ్ అంగీకరిస్తున్నది. పట్టుచీర కట్టిన తల్లి ఆ సభలో ఎవరికిని తీసిపోదు. జరీ అంచు పంచె, ఇస్త్రీ చేసిన లాల్చీ, మీద కండువా, కాళ్లకు తోలుచెప్పులు ఉన్న తండ్రి వేషము మన దేశపు పండుగ దుస్తే. 1931లో లండనులో రాజభవనపు తేనీటి విందుకు గాంధీజీ కొల్లాయితోనే వెళ్లినారు. మన గడ్డ మీదనే, 2014లో చెన్నపట్టణములోని ఒక క్లబ్బు పంచె కట్టిన హైకోర్టు న్యాయమూర్తిని లోనికి రానీయలేదు. ఆ సంవత్సరమే తమిళనాడు శాసనసభ అటువంటి నిషేధము చెల్లదని చట్టము చేసినది. పంచెకు అడ్డు చెప్పినది పరాయి ఓడ కాదు, మన క్లబ్బు.

ప్రయాణానికి ముందు చేయదగిన పనులు కొన్ని. టిక్కెట్టుతో వచ్చిన కాగితాలలో వేషనియమము వ్రాసి ఉంటుంది, దానిని చదివించుకొనవలెను. సందేహమున్నచో ముందే వ్రాసి అడుగవలెను. పెద్ద పెట్టెలు గదికి చేరుటకు ఆలస్యము కావచ్చును గనుక మొదటి రాత్రికి ఒక జత బట్టలు చేతిసంచిలో ఉంచుకొనవలెను. భోజనశాలలో చల్లదనము ఎక్కువ, శాలువ మరువరాదు. పంచె జారునన్న భయమున్నవారు నడుమునకు బెల్టు పెట్టుకొనవచ్చును.

ఓడ ప్రయాణము ఇప్పుడు పరదేశములకే పరిమితము కాదు. 2022 జూన్‌లో “ఎంప్రెస్” అను విహారనౌక విశాఖపట్నము రేవు నుండి బయలుదేరినది; 2023 సెప్టెంబరులో అక్కడ విహారనౌకల ప్రయాణికుల కొరకు ప్రత్యేక భవనము ప్రారంభమైనది. నేడో రేపో ఈ ప్రశ్న మన ఇండ్లలో మరికొందరికి వచ్చును.

ఆ పెద్దమనిషికి మేము చెప్పిన సమాధానము ఇది: ఉతికిన దోతి, మంచి అంగి, మీద కండువా వేసికొని నిశ్చింతగా వెళ్లండి. ఒక్క రాత్రికి నల్లని సూటే కావలెనన్నచో, ఆ రాత్రి మరియొక శాలలో తినండి. ఆయన కుమారునికి కూడ ఒక మాట. తండ్రికి సూటు కొనిపెట్టుట తప్పు కాదు, ఇష్టముంటే వేసికొందురు. కాని నలుగురిలో ఆయన దోతిని చూచి మీరు తల దించుకొంటే, ఆ భోజనము ఆయనకు గొంతు దిగదు.